బడిలో నోరు విప్పని పిల్లలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: భద్రాచలం ఏజెన్సీలో అంగన్‌వాడీ టీచర్‌ని. మాది కోయ కుటుంబం కాదు, ఆ భాష ఏవో నాలుగు ముక్కలు తప్ప రాదు. సెంటర్‌కి వచ్చేవాళ్లలో సగానికి పైగా కోయ పిల్లలే. పాట పాడమన్నా, బొమ్మ చూపించి ఇదేంటన్నా నోరు విప్పరు. బయటికెళ్తే మాత్రం గోల గోల. నేను అందరికీ ఒకేలా చెబుతున్నాను, ఎవరినీ తక్కువ చేయడం లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: బయట గోల చేస్తారని మీరే రాశారు కదా టీచర్ గారూ, సగం జవాబు అక్కడే ఉంది. చిక్కంతా ఆ "ఒకేలా" దగ్గరే. తెలుగు ఇంటి పిల్లకి మీరు చెప్పే విషయం ఒక్కటే కొత్త, కోయ ఇంటి పిల్లాడికి విషయమూ కొత్తే, దాన్ని చెప్పే మాటా కొత్తే. పాటలు పద్యాల సంగతి తర్వాత, ఒకటికి వస్తోందని చెప్పడం రాక కూర్చున్నచోటే తడుపుకునే పిల్లలుంటారు, పక్కవాళ్లు నవ్వుతారు, మర్నాటి నుంచి వాడు సెంటర్ వైపే రాడు, మనం రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేసి ఊరుకుంటాం.

కాబట్టి ముందు మీరు నేర్చుకోండి. నీళ్లు, ఆకలి, నొప్పి, ఒకటికి, ఏడవకు, ఇలా రా... ఇలాంటి మాటలు కోయలో వస్తే చాలు, గదిలో భయం సగం తగ్గుతుంది. మీ ఆయాకి కోయ వస్తే ఆమెను వంటకీ ఊడ్పుకీ పరిమితం చేయకండి, రోజూ ఒక కథ ఆమెతోనే చెప్పించండి. గోడ మీద చార్టుల్లో యాపిల్, ఇగ్లూ ఉంటాయి (ఇగ్లూ మనలో ఎవరు చూశాం?), ఇప్పపువ్వు మాత్రం ఉండదు. ఇప్పపువ్వు, తునికాకు, వెదురు ముక్క తెచ్చి మధ్యలో పెట్టి పేర్లు వాళ్లనే చెప్పనివ్వండి, మీరు తిరిగి పలకండి, ఆ తర్వాత తెలుగు పేరు చెప్పండి. మీ పలుకు విని నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ కాసేపు వాళ్లు టీచర్లు, మీరు స్టూడెంట్.

"ఇంట్లో వచ్చే కోయ మళ్లీ ఎందుకు, ఇంగ్లీష్ చెప్పండి" అని తల్లులే అనొచ్చు. తెలుగైనా ఇంగ్లీషైనా మానేస్తామని కాదు, వచ్చిన భాష మీదుగా రాని భాషలోకి తీసుకెళ్తామని చెప్పండి. పైవాళ్లు అడ్డుచెబితే, మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది, 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే మాట అంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో చదువు మొదలుపెట్టి, తెలుగు లిపిలో పుస్తకాలు కూడా వేశారు. ఏ బడి బీరువాలోనో, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసులోనో ఒకటి రెండు మిగిలి ఉంటాయేమో అడిగి చూడండి.

ప్రశ్న: మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురికి విద్యాహక్కు చట్టం కింద మా మనవరాలి స్కూల్లోనే ఒకటో తరగతిలో ఫ్రీ సీటు వచ్చింది. ఆ సీట్లలో చేరిన పిల్లలందరినీ వెనక బెంచీల్లో కూర్చోబెడుతున్నారు, యానివర్సరీ డాన్సులోకి తీసుకోలేదు. అడిగితే "ఫ్రీగా చెప్పడమే ఎక్కువ" అన్నారట. తల్లి భయపడి ఊరుకుంది. నేను కల్పించుకోవచ్చా? – విజయవాడ

జవాబు: కల్పించుకోండి, కానీ ముందు ఆ తల్లిని అడగండి. గొడవైతే రోజూ ఆ బడి గడప తొక్కాల్సింది ఆవిడ కూతురే.

ఫ్రీగా ఇచ్చామనడం పచ్చి అబద్ధం. 2009 చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడి ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు ఇలాంటి పిల్లలకివ్వాలి, ఆ ఖర్చు ప్రభుత్వం లెక్క ప్రకారం తిరిగి చెల్లించాలి. వీళ్లను తరగతిలో విడిగా కూర్చోబెట్టకూడదని, పుస్తకాలు, యూనిఫాం, ఆటల్లో తేడా చూపకూడదని నియమాల్లో స్పష్టంగా ఉంది. మొదట క్లాస్ టీచర్‌తో మామూలుగా మాట్లాడండి, వారం వారం అందరి సీట్లూ మార్చమనండి, అప్పుడు ఎవరి మీదా ముద్ర పడదు. వినకపోతే మండల విద్యాధికారికి కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. ఫిర్యాదుపై స్థానిక అధికారులు మూడు నెలల్లో తేల్చాలి, అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు.

అన్నట్టు, ఆ పాప పేరేంటో మీ మనవరాలిని ఒకసారి అడిగి చూడండి.

ప్రశ్న: మావాడి యూకేజీలో ఆటిజం ఉన్న బాబున్నాడు. గంట కొడితే చెవులు మూసుకుని అరుస్తాడు. మావాడికీ అదే అలవాటవుతుందేమోనని టెన్షన్. వేరే సెక్షన్‌కి పంపమని అడగొచ్చా?

జవాబు: అడగొద్దమ్మా. ఆటిజం చూసి అంటుకునేది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అదీ ఒకటి, మిగతా పిల్లలతో కలిసి చదువుకోవడం ఆ బాబు హక్కు. మీరు అడగాల్సింది గంట సంగతి. చిన్న పిల్లల గదుల దగ్గర అంత పెద్ద గంట ఎందుకు? మీవాడికి, "నీకు కాకరకాయ పడనట్టే వాడికి చప్పుడు పడదు" అని చెప్పండి, చాలు. పుట్టినరోజుకి ఆ బాబునీ పిలవండి, ఆ పూటకి బెలూన్లు పగలగొట్టే ఆట మాత్రం వద్దు.