మాదాపూర్ ఉద్యోగమా, ఇంట్లో ఫ్రీలాన్సింగా?

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. మా అబ్బాయి బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్ మొత్తం తయారుచేసే) కోర్సు చేశాడు. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో నెలకు 25 వేలకు వెబ్ డెవలపర్ ఉద్యోగం వచ్చింది. రోజూ ఆఫీసుకు వెళ్లాలి. వాడేమో వద్దంటున్నాడు. తెలిసిన షాపు వాళ్లకు వెబ్‌సైట్ చేసిస్తే 20 వేలు ఇచ్చారు. అందుకని ఫ్రీలాన్స్ చేస్తానంటాడు, లేదా అమెరికా కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తానంటాడు. ఏం చెప్పాలో తోచడం లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, చదువైన కొత్తలోనే ఒకరికి పని చేసిపెట్టి 20 వేలు తెచ్చుకున్నాడంటే మీ అబ్బాయిలో చేవ ఉంది. ముందు ఆ మాట వాడితో అనండి. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని ఆ 20 వేల లెక్క కాగితం మీద వేయించండి.

షాపు వాళ్లు ఫొటోలు, ధరలు ఎన్నాళ్లకు పంపారు? 'ఈ రంగు మార్చు, ఆ బొమ్మ పెద్దది చెయ్యి' అని ఎన్నిసార్లు తిప్పారు? డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉంచే చోటు) డబ్బు ఎవరు కట్టారు? మిగిలిన బాకీ కోసం ఎన్ని ఫోన్లు చేశాడు? అంతా కలిపి ఆరు వారాలు పట్టిందనుకోండి, నెలకు 13 వేల చిల్లర పడింది. అదీ వెంటనే ఇంకో పని దొరికితేనే. మొదటి గిరాకీ తెలిసినవాళ్లు. నాలుగోది ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్రీలాన్స్‌లో కోడ్ రాయడం సగం పనే. గిరాకీ వెతుక్కోవడం, ధర తేల్చుకోవడం, బాకీ వసూలు, పన్ను లెక్కలు మిగతా సగం.

నా ఉద్దేశంలో ఇప్పటికి ఆఫీసు ఉద్యోగమే మంచిది. జీతం కోసం కాదు, వాడి కోడ్‌ని ఇంకొకరు చూస్తారని. కోర్సులో తనొక్కడే మొదలుపెట్టి తనొక్కడే పూర్తి చేశాడు. కంపెనీలో ఎవరో మూడేళ్ల కిందట రాసిన కోడ్‌లో తప్పు వెతకాలి, కోడ్ మార్పులన్నీ దాచే గిట్‌లో నలుగురి పనినీ కలపాలి, నడుస్తున్న సైట్ పడిపోతే పాత వెర్షన్ వెనక్కి తేవాలి. ఇవి చెయ్యగా వచ్చేవే. తను రాసిన లాగిన్ పేజీలో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి (పేజీలో కోడ్ టైపు చేసి డేటా కాజేసే దాడికి) దారి ఉందని షాపాయన చెప్పలేడు, ఆయనకు పేజీ తెరుచుకుంటే చాలు. పక్క కుర్చీలో సీనియర్ ఉంటే అది రెండు నిమిషాల్లో పట్టుకుంటాడు.

అందుకే చేరేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగమనండి: 'నా కోడ్ ఎవరు రివ్యూ చేస్తారు?' ఎవరూ లేరు, నువ్వొక్కడివే డెవలపర్‌వి అంటే నా సలహా మారిపోతుంది. అక్కడ చేరొద్దు, ఇంకోటి వెతుక్కోమనండి. 25 వేలు చేతికొచ్చేదా, సీటీసీయా (కంపెనీ తన మీద పెట్టే మొత్తం ఖర్చా), పీఎఫ్ కడతారా అన్నదీ తేల్చుకోవాలి. బాండ్ (ఇన్నాళ్లు మానేయకూడదనే ఒప్పందం) ఉంటే సంతకానికి ముందు ప్రతి అక్షరం చదవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టమన్నా, డిపాజిట్ కట్టమన్నా లేచి వచ్చేయమనండి. ఇక ప్రయాణం అంటారా, ఉప్పల్ నుంచి మాదాపూర్‌కు మెట్రో ఒకే లైను, ఎక్కడా మారక్కర్లేదు.

రిమోట్ ఉద్యోగం నిజంగానే బాగుంటుంది, కానీ అనుభవం వచ్చాక. ఎదురుగా ఎవరూ లేనప్పుడు సందేహాన్ని నాలుగు వాక్యాల్లో రాసి అడగడం రావాలి, ఎవరూ గుర్తు చేయకపోయినా పని ముందుకు నడపడం రావాలి. వేళలు కూడా చూసుకోవాలి. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగ్ అంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. దాని తర్వాత ఇంకో రెండు మీటింగులుంటే ఇంట్లో భోజనాల వేళ దాటిపోతుంది. ఇక్కడ ఆఫీసు లేని విదేశీ కంపెనీలు చాలాసార్లు ఉద్యోగిగా కాక కాంట్రాక్టర్‌గా తీసుకుంటాయి. అప్పుడు పీఎఫ్, గ్రాట్యుటీ ఉండవు, పని లేని రోజుకు డబ్బు రాకపోవచ్చు, ఆరోగ్య బీమా మనమే తీసుకోవాలి. డాలర్లను రూపాయల్లోకి మార్చి మురిసిపోయేముందు ఇవన్నీ తీసేసి చూడాలి. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా ఉంటుంది. అంత సంపాదించే రోజున ఒక సీఏని పెట్టుకుంటాడు, ఇప్పుడు దానికి టెన్షన్ పడకండి.

ఫ్రీలాన్స్ ఆశను మాత్రం చంపేయకండి. పక్కన వేరే పని చేయకూడదని ఆఫర్ లెటర్‌లో ఉందేమో ముందు చూసుకోమనండి. లేకపోతే శని, ఆదివారాల్లో ఒక్క గిరాకీని ఉంచుకోవచ్చు. సగం డబ్బు ముందే తీసుకోవాలి, మార్పులు ఎన్నిసార్లో ముందే రాసుకోవాలి, డొమైన్ గిరాకీ పేరు మీదే కొనాలి. ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత, అడక్కుండానే పనులు వస్తూ, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్న రోజున, ఉద్యోగం మానేస్తానని వాడే మళ్లీ అడుగుతాడు. అప్పుడు మీరు అడ్డు చెప్పకండమ్మా.