కవచం వేసే ముందు మనిషిని నిలబెట్టు

చిన్నీ,

నువ్వు గీసి పంపిన సమురాయ్ (పాతకాలపు జపాన్ యోధుడు) బొమ్మ రెండు రోజులుగా నా టేబుల్ మీదే ఉంది. ముఖం భలే కుదిరింది, ఆ కళ్ళలో పట్టుదల చూసి మురిసిపోయాను. కానీ మెడ కింద నుంచి కవచమే ఉంది, లోపల మనిషి లేడు. "ఎక్కడో తేడా కొడుతోంది పెద్దమ్మా" అన్నావు కదా, తేడా అక్కడే.

ముందు కవచం లేని మనిషిని తల నుంచి పాదాల దాకా గీసుకో. మామూలు మనిషి ఎత్తు తన తలకు ఏడున్నర రెట్లు ఉంటుంది. యానిమే వీరుడికి ఎనిమిది పెట్టినా అందంగానే ఉంటాడు. నువ్వు హెల్మెట్‌తో కలిపి తలను కొలిచావు, అందుకే కాళ్ళు సాగిపోయాయి. ఇంకో సంగతి, నిండు కవచం 20 కిలోలు దాటేది. అంత బరువు మోసేవాడు కాళ్ళు దగ్గరపెట్టి నిటారుగా నిలబడడు. పాదాలు ఎడంగా, మోకాళ్ళు కాస్త వంచి నిలబెట్టు.

తర్వాత సమురాయ్ ఏ వరుసలో వేసుకునేవాడో అదే వరుసలో గీయి. పిక్కలకు సునెఆతె, నడుముకు కట్టుకుంటే తొడల మీదికి దిగే హైదాతె, చేతులకు కోతె, అప్పుడు ఛాతీకి దో. ఆపైన భుజాలకు సోదె, ముఖానికి మెన్పో, అన్నిటికంటే చివర తలకు కబుతో. ఈ వరుస పాటిస్తే ఏది పైన, ఏది కింద అన్న డౌటే రాదు.

దో కింది అంచు నుంచి పలకలుగా వేలాడేవాటిని కుసజురి అంటారు. నువ్వు వాటిని గుండ్రంగా లంగాలా చుట్టేశావు. అలా ఉంటే మనిషి అడుగు వేయలేడు తల్లీ! అవి తాళ్ళతో మాత్రమే వేలాడతాయి, ఒక్కో పలక విడివిడిగా కదులుతుంది. తొడ ముందుకొస్తే దాని మీది పలక పైకి లేస్తుంది, పక్క పలకతో సందు పడుతుంది, ఆ సందులోంచి హైదాతె కనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే అట్టముక్కలు కోసి, పురికొసతో నడుముకు కట్టుకుని, అద్దం ముందు ఒక అడుగు వెయ్యి. నేను ఇప్పటికీ అలాగే చూసుకుంటాను.

సోదె విషయంలో నేను బాగా దెబ్బతిన్నాను. మొదట్లో పనిచేసిన యానిమేషన్ స్టూడియోలో ఒక యోధుడిని గీసిచ్చాను, అందరూ మెచ్చుకున్నారు. తీరా కత్తి ఎత్తే సీన్ వచ్చేసరికి చెయ్యి లేవలేదు, ఎందుకంటే భుజం పలకను ఛాతీకి అతికించినట్టు గీశాను. రాత్రంతా కూర్చుని మొత్తం మళ్ళీ గీశాను, ఏడుపు ఆపుకుంటూ. సోదె కూడా తాళ్ళతో వేలాడేదే. చెయ్యి లేపితే దానిలోని రేకుల వరసలు ఒకదాని మీదికి ఒకటి జరిగి దగ్గరవుతాయి. దానికీ భుజానికీ మధ్య కొంచెం చీకటి వదులు, కవచం బరువు అక్కడే తెలుస్తుంది.

ఏ కాలం కవచమో కూడా ముందే తేల్చుకో. 1543లో పోర్చుగీసువాళ్ళ తుపాకులు జపాన్ చేరాక, గుండును ఆపాలని గట్టి ఇనుప రేకుల ఛాతీ కవచాలు ఎక్కువయ్యాయి. వాటికి నున్నటి మెరుపు చాలు. అంతకు ముందటి ఓ-యొరోయి అనే కవచంలో చిన్న చిన్న రేకులను పట్టు తాళ్ళతో అల్లేవారు. నీకు ఆ అల్లికే ఇష్టమని తెలుసు. కానీ ప్రతి ముడీ గీయొద్దు, కన్ను అలిసిపోతుంది. వెలుగు పడే భుజం దగ్గర ఒక్కచోట శ్రద్ధగా గీయి, మిగతా చోట్ల అడ్డవరసలు చాలు. పలక మీద పలక పడే అంచున గీత లావుగా, లోపలి అల్లికకు సన్నగా ఉంచు.

ఈసారి ఇంకు వేయకుండా, కవచం వేయని మనిషి పెన్సిల్ స్కెచ్ ముందు పంపు. మడమల దగ్గర నీడ మర్చిపోకు.

ప్రేమతో,
పెద్దమ్మ