కోపెన్‌హాగన్‌లో ఒంటరిగా తిరిగితే ఎవరైనా పలకరిస్తారా?

"బ్యాగు తగిలించుకుని ఒక్కడినే కోపెన్‌హాగన్ వెళ్దామనుకుంటున్నా. అక్కడివాళ్లు ముభావంగా ఉంటారట, ఖర్చు కూడా విపరీతమట. సరదాగా గడుస్తుందా?" అని అడిగారు కదా.

గడుస్తుంది. ముభావం మాట మాత్రం నిజమే. మెట్రోలో పక్క సీటాయన "ఏ ఊరు బాబూ" అని అడగడు. మీరే పలకరిస్తే మర్యాదగా ఒక్క ముక్క చెప్పి ఫోన్లోకి వెళ్లిపోతాడు. అదే మనిషితో మధ్యలో ఏదో ఒక పని పెట్టి చూడండి. మోయాల్సిన గిన్నె కావచ్చు, తియ్యాల్సిన ఫొటో కావచ్చు. ఇక ఆయనే మిమ్మల్ని వదలడు. జర్మనీలో ఎం.ఎస్. చేస్తున్నప్పుడు ఓ జూన్ చివర్లో వెళ్లాను. అక్కడ నాకు తగిలిన మనుషులంతా ఇలా పని మీద తగిలినవాళ్లే.

హాంబర్గ్ నుంచి బస్సులో వెళ్లాను. ఈ దారిలో తమాషా ఏంటంటే, జర్మనీ ఒడ్డున పుట్‌గార్డెన్ దగ్గర బస్సు బస్సంతా ఓడలోకి ఎక్కేస్తుంది. అందరూ దిగి పై డెక్‌కి వెళ్లాలి. 45 నిమిషాల్లో డెన్మార్క్ ఒడ్డున రోడ్బీ వస్తుంది. అక్కడే సముద్రం కింద 18 కిలోమీటర్ల సొరంగం కడుతున్నారు. అది పూర్తయితే ఈ ఓడ సరదా ఎంతవరకు మిగులుతుందో, ఈలోపే వెళ్లిరండి.

కొన్ని హాస్టళ్లలో దుప్పటికీ దిండు గలీబుకీ వేరే డబ్బులు అడుగుతారు, ఇంటి నుంచి తెచ్చుకోండి. కిచెన్‌లో "ఎవరైనా తీసుకోవచ్చు" అని రాసిన అర ఒకటుంటుంది. ఊరు వదిలి వెళ్లేవాళ్లు మిగిలిన బియ్యం, పాస్తా, సగం నూనె సీసా అందులో పెట్టిపోతారు. నేను ఆ బియ్యంతో, నా దగ్గరున్న పులిహోర పేస్టుతో రెండు పూటలు లాగించాను. కిచెన్‌లో పరిచయమైన అర్జెంటీనా కుర్రాడు నాకంటే ఘనుడు. డెన్మార్క్‌లో పానీయాల సీసాలకీ డబ్బాలకీ డిపాజిట్ ఉంటుంది, దాన్ని పాంట్ అంటారు. చిన్న డబ్బాకి ఒక క్రోన (వాళ్ల డబ్బు), చిన్న ప్లాస్టిక్ సీసాకి ఒకటిన్నర, పెద్ద వాటికి మూడు. సూపర్‌మార్కెట్ మెషీన్లో వేస్తే స్లిప్ వస్తుంది. మనవాడు రాత్రి హాస్టల్ వరండాలో పార్టీ చేసుకున్నవాళ్ల డబ్బాలన్నీ "నేను శుభ్రం చేస్తాలే" అని పోగేసి, పొద్దున్నే నెట్టో సూపర్‌మార్కెట్లో వేసి, ఆ డబ్బుతో వీధి బండి దగ్గర హాట్‌డాగ్ తినేవాడు. అందరి దృష్టిలో మంచివాడు కూడా అయిపోయాడు. పార్కుల్లో మాత్రం ముట్టుకునేవాడు కాదు. అక్కడ ఆ సీసాల మీదే ఆధారపడి ఏరుకునేవాళ్లుంటారు, వాళ్ల నోటి దగ్గరిది తీయకూడదనేవాడు.

ఇక మీ అసలు ప్రశ్నకి జవాబు వెస్టర్‌బ్రో పేటలో ఉంది. సోన్డర్ బూలెవార్డ్ మీద అబ్సలోన్ అని ఒకప్పటి చర్చి. 2015 నుంచి అది ఆ పేటవాళ్ల ఉమ్మడి కూడలి అయింది. రోజూ సాయంత్రం ఆరింటికి అక్కడ సహపంక్తి భోజనం. ముందే టికెట్ కొనుక్కోవాలి, హోటల్ భోజనంతో పోలిస్తే చాలా చవక. మెనూ చూసుకుని కొనండి, శాకాహారులకి ఇబ్బంది ఉండదు. బల్లకి ఎనిమిది మంది, ఎవరికి ఎవరూ తెలియదు. బల్లకొకరు లేచి వెళ్లి అందరికీ సరిపడా గిన్నెలు మోసుకురావాలి. ఎవరు వెళ్తారన్న మొహమాటంతోనే మాటలు మొదలవుతాయి. నేనూ, ఎదురుగా కూర్చున్న రిటైరైన బడి మాస్టారూ ఒకేసారి లేచాం.

ఆయన గిన్నె మూత తీసి చూసి, "కొత్త బంగాళాదుంపలు!" అని మొహం వెలిగించుకున్నాడు. గోళీల కంటే కాస్త పెద్దవి, పొట్టు పల్చగా, వెన్నలో మెరుస్తూ ఉన్నాయి. ఇక చూడండి. సామ్‌సో దీవి దుంపకీ మిగతా దుంపకీ తేడా ఏంటి, ఎందుకు పొట్టు తీయకూడదు, గోకాలే తప్ప చెక్కకూడదు, సీజన్లో మొదటి పంటకి జనం ఎంతెంత పోస్తారు, ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పాడు. బంగినపల్లి గొప్పదా చెరుకు రసాలు గొప్పవా అని మా మేనమామ అరుగు మీద కూర్చుని చేసే వాదన అచ్చం ఇదే. ఆ పక్కనున్న గర్భిణి, సామ్‌సో పేరుకే గొప్ప, మా నాన్న పెరట్లోవే రుచి అనేసింది. అంతే, బల్లంతా రెండు పార్టీలు. నన్ను తీర్పు చెప్పమన్నారు. ఆవాలు, ఎండుమిర్చి తాలింపు పడితే ఇంకా బాగుంటాయన్నాను. మాస్టారు కొంచెం బాధపడ్డాడు. ఆమె మాత్రం ఎలా చేయాలో ఫోన్లో రాసుకుంది. తిన్నాక ఎవరి కంచాలు వాళ్లు తీసేసి, బల్ల తుడిచి, "బై" అని అందరూ వెళ్లిపోయారు. నంబర్లు తీసుకోవడాలు, మళ్లీ కలుద్దాం అనడాలు లేవు. అది వాళ్ల పద్ధతి, మనసుకి తీసుకోకండి.

నోర్‌బ్రో పేటలో అసిస్టెన్స్ అనే శ్మశానం ఉంది. శ్మశానానికి షికారేంటి అనుకోకండి, అందులో కొంత భాగాన్ని పార్కులాగే వాడతారు, ఎండ వస్తే జనం పుస్తకాలతో పచ్చికలో వాలిపోతారు. పిల్లల కథల ఆండర్సన్, తత్వవేత్త కీర్కెగార్ల సమాధులు అక్కడే. వాళ్ల కోసం అందరూ వెళ్తారు, నేను నీల్స్ బోర్ కోసం వెళ్లాను. ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీలో కక్ష్యలు, శక్తి స్థాయిలంటూ మనల్ని రాత్రుళ్లు కూర్చోబెట్టిన ఆ బోరే. ఆయన పరమాణు నమూనా 1913 నాటిది. ఊరంతా ఫొటోలు దిగే మత్స్యకన్య విగ్రహం పెట్టిందీ ఆ ఏడే. (ఆ విగ్రహం చూసి "ఇంతేనా" అనని పర్యాటకుణ్ని నేను చూడలేదు.) సమాధి స్తంభం మీద ఒక గుడ్లగూబ కూర్చుని ఉంటుంది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ గుర్తొచ్చాడు.

వేసవి శనివారాల్లో ఆ శ్మశానం గోడ వెంబడే పాత సామాన్ల సంత. అక్కడ ఓ పింగాణీ కప్పు నచ్చింది. అమ్మే ఆవిడ, అక్కడివాళ్లు ఫోన్లో డబ్బు కట్టే మొబైల్‌పే నంబరు రాసిన అట్టముక్క చూపించింది. అది మనలాంటి పర్యాటకులకి పనిచేయదు, నా దగ్గర నోట్లున్నాయి గానీ ఆవిడ దగ్గర చిల్లర లేదు. వెనక నిలబడ్డ కాలేజీ అమ్మాయి తన ఫోన్లో కట్టేసి నా నోటు తీసుకుంది, తన చిల్లర నాకిచ్చింది. మామూలు షాపుల్లో, హాస్టల్లో అయితే కార్డు చాలు.

ఈతకి ఇస్లాండ్స్ బ్రూగె దగ్గరి హార్బర్ బాత్ (రేవు నీళ్లలోనే ఈత కొట్టే చోటు) ఉచితం. ఊరి నడిమధ్యన, ఒకప్పుడు మురుగు కలిసిన నీళ్లే, ఇప్పుడు జనం శుభ్రంగా దూకుతారు. జూన్‌లో కూడా చల్లగా కొరుకుతాయి, చెప్పలేదనకండి.

జూన్ చివర్లోనే ఎందుకంటే, అప్పుడు ఇంటర్ లాంటి చదువు పూర్తిచేసిన పిల్లలు తెల్ల టోపీలు పెట్టుకుని, ఓపెన్ లారీలెక్కి ఊరంతా తిరుగుతారు. లారీ చుట్టూ దుప్పట్ల మీద రాసిన బ్యానర్లు: మీరు ఒకసారి హారన్ కొడితే మేం ఒక గుక్క తాగుతాం, రెండుసార్లు కొడితే... అలా సాగుతాయి, మిగతావి ఇక్కడ రాయలేను. క్లాసులో ప్రతి పిల్లవాడి ఇంటి ముందూ లారీ ఆగుతుంది, అమ్మానాన్నలు తిండీ తాగుడూ అందిస్తారు. ఖాళీ రోడ్డు మీద కూడా పచ్చ లైటు కోసం నిలబడే జనం ఆ వారం కార్ల హారన్లు మోగించడం చూడాలి! కొంగెన్స్ న్యూటోర్వ్‌లో గుర్రం మీదున్న రాజు విగ్రహం చుట్టూ చేతులు పట్టుకుని తిరగడం వాళ్ల ఆనవాయితీ. నన్ను ఫొటో తీయమన్నారు, గుర్రం తల తెగిందని మళ్లీ తీయించారు, మూడోసారికి టోపీలు వంకరగా ఉన్నాయన్నారు. చివరికి కూలి కింద ఒక బీర్ డబ్బా చేతిలో పెట్టారు. దాని పాంట్ అర్జెంటీనా ఖాతాకి వెళ్లింది.

క్రోన అంటే మన డబ్బులో పది రూపాయల పైమాటే. లెక్క వేసుకుంటూ తింటే కాఫీ కూడా గొంతు దిగదు, కాబట్టి పొద్దున ఓట్స్, రై బ్రెడ్ సూపర్‌మార్కెట్లో కొనుక్కుని, ఆ మిగుల్చుకున్నది అబ్సలోన్‌లో పెట్టండి. కళ్లకి కట్టుకునే మాస్కు మరిచిపోవద్దు, తెల్లవారుజామున నాలుగున్నరకే ఎండ మొహం మీద పడుతుంది. హాస్టల్ మంచం మాత్రం చాలా ముందే బుక్ చేసుకోండి. దగ్గర్లోనే రోస్కిల్డ్ సంగీతోత్సవం కూడా ఆ రోజుల్లోనే జరుగుతుంది, ఆ జనమంతా దిగారంటే ఒక్క మంచం దొరకదు.