ఎలివేషన్‌కి సోలార్ ప్యానెళ్లు చేస్తానన్న అల్లుడికి

అల్లుడూ,

నల్లగొండలోనే యూనిట్ పెట్టి, ఇంటి ఎలివేషన్‌కి, పిట్టగోడకి, పోర్టికోకి సరిపోయేలా అడిగిన రంగులో, అడిగిన సైజులో సోలార్ ప్యానెళ్లు చేస్తానన్నావు. చాలా సంతోషం. నువ్వు పంపిన డిజైన్లు బాగున్నయ్, కానీ అన్నింటిలోనూ రంగు గురించే ఉంది, నీడ గురించి ఒక్క ముక్క లేదు.

ఇంటి ముందు వేపచెట్టో, కరెంటు స్తంభమో, పక్కింటోళ్ల వాటర్ ట్యాంకో ఉంటుంది. ప్యానెల్‌లో కరెంటు పుట్టించే సెల్స్ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద నీడ పడ్డా ఆ వరుస మొత్తం దెబ్బతింటుంది, నీడలో ఉన్న సెల్ వేడెక్కి మాడిపోవచ్చు కూడా. నీడ పడ్డ సెల్స్‌ను తప్పించి కరెంటును పక్కదారిన పంపే బైపాస్ డయోడ్లు తప్పకుండా పెట్టు. అంతకంటే మంచిది, నీడ పడే చోట సెల్స్ లేకుండా అదే రంగు గాజు బిగించు, చూసేవాళ్లకు తేడా తెలియదు, కస్టమర్‌కు డబ్బు మిగులుతుంది.

మనది 17 డిగ్రీల అక్షాంశం. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, దక్షిణం గోడకు ఎండ సరిగ్గా తగలదు, చలికాలంలో మాత్రం అదే గోడ బాగా పనిచేస్తుంది. మనోళ్లకు తూర్పు ముఖం ఇళ్లంటే ఇష్టం కదా, అక్కడ పొద్దటి ఎండే దిక్కు. అందుకే ముందు పోర్టికో పైభాగం ఇమ్మని కస్టమర్‌ను అడుగు, గోడ తర్వాత.

లేత రంగులు వెలుతురును తిప్పికొడతాయి, కరెంటు దిగుబడి తగ్గుతుంది. ఎన్ని యూనిట్లు తగ్గుతాయో అడ్వాన్స్ తీసుకోకముందే కాగితం మీద రాసివ్వు. వేడి సంగతీ అంతే, ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి దిగుబడిలో 0.3 నుంచి 0.4 శాతం పోతుంది. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరిందంటే 12 నుంచి 16 శాతం పోయినట్టే. గోడకు అతికించకుండా వెనక గాలి ఆడేలా సందు వదులు, తేనెటీగలు చేరకుండా మెష్ కొట్టు.

టెంపర్ చేసిన (కాల్చి గట్టిపరిచిన) గాజును మళ్లీ కోయలేం, రంధ్రం వేయలేం. కాబట్టి ప్లాస్టరింగ్ అయ్యాకే, గోడ నిటారుగా ఉందో లేదో దారానికి గుండు వేలాడదీసి చూసి, పైనా మధ్యలో కిందా కొలతలు తీసుకో. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా ఉంది గానీ అది దేశంలో తయారైన సెల్స్‌కే, కొనేటప్పుడే చూసుకో. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) సర్టిఫికెట్ లేకుండా ఒక్కటి కూడా అమ్మకు.

మన బోరు నీళ్లతో కడిగితే గాజు మీద తెల్లటి మరకలు గట్టిపడిపోతాయని కస్టమర్లకు ముందే చెప్పు.

మొదటి పని మిర్యాలగూడలో మా పోర్టికో మీదే చెయ్యి, ఖర్చు నేను పెట్టుకుంటా. రైసు మిల్లుల దుమ్ము మాకు బాగానే పడుతుంది, ఏడాది పాటు మీటరు రీడింగ్ నేనే రాసిపెడతా. గాజు ఆర్డర్ పెట్టకముందు మాత్రం డ్రాయింగ్ నాకు పంపు.

మీ మామ