డ్రిల్ వీకెండ్‌కి పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?

అమ్మడూ,

అమెరికా ఆర్మీ నేషనల్ గార్డ్‌లో, అదే పార్ట్‌టైమ్ సైన్యంలో, చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. "డ్రిల్ అంటే నెలకో వీకెండ్ ట్రైనింగే కదక్కా, పిల్లాణ్ణి నేనెళ్లి చూసుకుంటాలే" అని కూడా అంది. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. నీ కాంట్రాక్టేమో ఏళ్ల తరబడి ఉంటుంది. మీ అమ్మ వస్తే పండగే, కానీ ఆవిణ్ణి లెక్కలో వేసుకోకుండా ఏర్పాటు చేసుకో.

నేను రిజర్వ్‌లో, అదీ ఇలాంటి పార్ట్‌టైమ్ సైన్యమే, నర్సుగా ఉన్నప్పట్నుంచీ చూస్తున్నా, అందరూ తికమకపడేది ఒక్క దగ్గరే. పిల్లల సంరక్షణకిచ్చే సాయం యూనిఫాం చూసి రాదు, ఆర్డర్స్, అంటే డ్యూటీకి పిలిచే కాగితాలు, చూసి వస్తుంది. నెలనెలా డ్రిల్ ఒక రకం డ్యూటీ, మొబిలైజ్ చేసి యాక్టివ్ డ్యూటీకి, అంటే ఫుల్‌టైమ్ సైనిక సేవకి, పిలిస్తే ఇంకో రకం. 'మిలిటరీ చైల్డ్ కేర్ ఇన్ యువర్ నైబర్‌హుడ్' అనే ఫీజు సాయం ఈ రెండోదానికి. ఇంటి మొత్తం ఆదాయం చూసి మీ వాటా ఎంతో తేలుస్తారు. మిగతాది ఒక పరిమితి వరకు నేరుగా డే కేర్‌కే పంపిస్తారు. ఏటా రెండు వారాల ట్రైనింగ్‌కి ఇది వర్తిస్తుందా అని ముందే అడుగు. ఆర్డర్స్ వచ్చాక అడిగితే అప్లికేషన్ తేలేలోపు ట్రైనింగే అయిపోతుంది.

డే కేర్ చూడ్డానికి వెళ్తే గోడల మీద బొమ్మలు తర్వాత చూడొచ్చు. "మిలిటరీ ఫీజు సాయం తీసుకుంటారా?" అని ముందు అడుగు. మామూలుగా లైసెన్స్ ఒక్కటే సరిపోదు, అక్రెడిటేషన్ (నాణ్యత చూసి బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు) గానీ, కొన్ని రాష్ట్రాల్లో క్వాలిటీ రేటింగ్ గానీ ఉండాలి. అల్లుడు ఉద్యోగమో చదువో చేస్తున్నట్టు, లేదా ఉద్యోగం వెతుక్కుంటున్నట్టు కాగితం అడుగుతారు. అప్రూవల్ రాకముందు కట్టిన ఫీజు తిరిగొస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు.

ఇక డ్రిల్ వీకెండ్. అసలు తలనొప్పి ఇదే. శని, ఆదివారాలు చాలా డే కేర్లు మూసేస్తారు, నువ్వేమో తెల్లారేసరికి ఫార్మేషన్‌లో, అంటే హాజరు వరసలో, ఉండాలి. ఎయిర్ గార్డ్, ఎయిర్ ఫోర్స్ రిజర్వ్ వాళ్లకి డ్రిల్ రోజుల్లో ఉచితంగా పిల్లల్ని చూసే 'హోమ్ కమ్యూనిటీ కేర్' ఉంది. ఆర్మీ గార్డ్ కూడా కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటిది ప్రయోగంగా మొదలుపెట్టింది. మీ రాష్ట్ర గార్డ్ ఫ్యామిలీ ప్రోగ్రాం ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కో. లేదంటే ఇంట్లోనే లైసెన్స్‌తో డే కేర్ నడిపే ఆవిణ్ణి వెతుక్కోవాలి. ఏడాది డ్రిల్ షెడ్యూల్ చేతికి రాగానే ఆవిడకో కాపీ ఇచ్చెయ్. డ్రిల్ లేని ఒక శనివారం పిల్లాణ్ణి పంపించి చూడు.

ఒంటరి తల్లిదండ్రులూ, భార్యాభర్తలిద్దరూ మిలిటరీలో ఉన్నవాళ్లూ ఫ్యామిలీ కేర్ ప్లాన్, అంటే డ్యూటీలో ఉన్నప్పుడు పిల్లల్ని ఎవరు చూస్తారో చెప్పే కాగితం, రాసివ్వాల్సిందే. మీ ఆయన సివిలియనే, కానీ ఆన్‌కాల్ ఉద్యోగం కదా. ఆయనా లేని పూట పిల్లాడికి జ్వరమొస్తే హాస్పిటల్లో సంతకం పెట్టేదెవరో కాగితం మీద ఉండాలి. మనవాళ్లు ఇది నోటిమాటతో సరిపెట్టేస్తారు, నాకది నచ్చదు. అన్నట్టు, కార్ సీటు ఎవరి కారులో ఉందో శుక్రవారం రాత్రే చూసుకో.

ఆర్డర్స్ వస్తే వాట్సాప్‌లో ఫొటోలు పెట్టకు. ఎదురుగా పెట్టుకుని ఫోన్ చెయ్యి, ఏ లైను చూడాలో చెప్తా.

మీ పెద్దమ్మ