ఆఫీసు ఉత్తరం: ఆరు కుర్చీల మాట ముందు చెప్పండి

ప్రశ్న: మేడమ్, డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. బీకాం పాసయ్యాక ఒక ఆఫీసులో అసిస్టెంట్‌గా చేరి మూడు నెలలైంది. లెక్కలు, ఫైళ్లు, కంప్యూటర్ పని బాగానే చేస్తున్నాను. ఇంగ్లీషులో ఉత్తరం రాయమంటే మాత్రం చేతులు ఆడవు. పాత ఫైళ్లలోంచి వాక్యాలు ఏరి అతికిస్తుంటాను. మొన్న నేను రాసిన ఉత్తరం మీద మా మేనేజరు గారు ఎర్ర పెన్నుతో ‘ఇందులో మనకేం కావాలో ఎక్కడుంది?’ అని రాసి వెనక్కి ఇచ్చారు. దాని కాపీ మీకు పంపుతున్నాను. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరమంటారా? అసలు ఈ ఉద్యోగంలో నేను నిలబడగలనా?

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెప్తాను. నిలబడతారు. మీ మేనేజరు గారు రాసిన మాట మళ్లీ ఒకసారి చూడండి. ‘నీ ఇంగ్లీషు బాగాలేదు’ అనలేదు ఆయన. ‘మనకేం కావాలో ఎక్కడుంది’ అని అడిగారు. ఇంగ్లీషు మీడియంలో చదివిన వాళ్ల ఉత్తరాల మీద కూడా ఇదే ప్రశ్న రాయాల్సి వస్తుంది. అది భాషకు సంబంధించిన లోపం కాదు, చెప్పాల్సింది ఏదో తేల్చుకోకుండా రాయడం మొదలుపెట్టడం వల్ల వచ్చేది. దాన్ని మీరు వారం పది రోజుల్లో సరిచేసుకోగలరు.

మీరు పంపిన కాపీ నా ముందుంది. నలభై కుర్చీలకు ఆర్డరిచ్చారు, ముప్పై నాలుగు వచ్చాయి, ఆరు తక్కువ. సంగతి ఇంతే. మీరు రాసింది ఇది: ‘రెస్పెక్టెడ్ సర్, విత్ రిఫరెన్స్ టు ది అబవ్ సబ్జెక్ట్, ఐ యామ్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్ దట్ యాజ్ పర్ అవర్ ఆర్డర్ డేటెడ్ 03/03, ది మెటీరియల్ వాజ్ రిసీవ్డ్ ఆన్ 12/03 అండ్ ఆన్ వెరిఫికేషన్ ఆఫ్ ది సేమ్ ఇట్ వాజ్ ఫౌండ్ దట్ దేర్ ఈజ్ షార్టేజ్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అట్ ది ఎర్లియెస్ట్ అండ్ రివర్ట్ బ్యాక్.’

ఇప్పుడు ఆ సప్లయర్ ఆఫీసులో దీన్ని చదివే మనిషి స్థానంలో కూర్చోండి. ఏ వస్తువో తెలియదు, ‘మెటీరియల్’ అని ఉంది. ఎన్ని తక్కువో తెలియదు. మిగతావి పంపమంటున్నారా, బిల్లులో తగ్గించమంటున్నారా అన్నది ‘నీడ్‌ఫుల్’లో ఎక్కడా లేదు. ఎప్పటిలోగా అన్నదీ లేదు. అతను మీకు ఫోన్ చేసి అడగాలి, లేదా ఉత్తరం పక్కన పెట్టాలి. చేతినిండా పనున్న మనిషి సాధారణంగా రెండోదే చేస్తాడు.

మనం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘మీరు పంపిన సరుకులో ఆరు కుర్చీలు తక్కువ వచ్చాయి కాబట్టి, మాకు ఈ నెల 24న కొత్త హాలు మొదలవుతోంది కాబట్టి, మిగతావి 20లోగా పంపండి’ అంటాం. వినేవాడు ‘పంపండి’ కోసం ఆగుతాడు. మన చెవికి అలవాటైన నడక అది, అందులో తప్పేమీ లేదు. కానీ అదే వరుసను ఇంగ్లీషు ఉత్తరంలో పెడితే కారణాలన్నీ ముందొచ్చి, అసలు అడిగేది అట్టడుక్కి పోతుంది. ఇంగ్లీషులో అడిగేది ముందు, కారణం తర్వాత. ఈ ఒక్క వరుస మార్చుకుంటే మీ ఉత్తరం సగం బాగుపడుతుంది. నేను చూసిన ఉత్తరాల్లో వ్యాకరణం తప్పుల వల్ల ఆగిన పనుల కంటే, అడగాల్సింది అడుగున పడిపోవడం వల్ల ఆగిన పనులే ఎక్కువ.

అందుకని కంప్యూటర్ ముందు కూర్చునే ముందే ఒక చీటీ తీసుకుని తెలుగులో ఒకే ఒక్క వాక్యం రాసుకోండి: ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా. ‘సప్లయరు మిగతా ఆరు కుర్చీలు 20వ తేదీలోగా పంపాలి.’ ఆ వాక్యం రాయలేకపోయారంటే మీకింకా సంగతి తేలలేదన్నమాట. అప్పుడు మేనేజరు గారి దగ్గరికి వెళ్లి ‘సార్, మిగతావి పంపమని అడగాలా, డబ్బు తగ్గించమని అడగాలా?’ అని కనుక్కోండి. అలా అడిగే అసిస్టెంట్‌ని ఎవరూ తక్కువగా చూడరు. చీటీ తేలాక ఉత్తరం దానంతటదే ఇలా వస్తుంది:

‘సబ్జెక్ట్: ఆర్డర్ నంబర్ 118, సిక్స్ చెయిర్స్ షార్ట్. డియర్ మిస్టర్ ఫలానా, ప్లీజ్ సెండ్ అస్ ది సిక్స్ చెయిర్స్ మిస్సింగ్ ఫ్రమ్ దిస్ ఆర్డర్ బై 20 మార్చ్. వుయ్ ఆర్డర్డ్ 40 చెయిర్స్ ఆన్ 3 మార్చ్ అండ్ రిసీవ్డ్ 34 ఆన్ 12 మార్చ్. ఎ కాపీ ఆఫ్ ది సైన్డ్ డెలివరీ నోట్ ఈజ్ ఎన్‌క్లోజ్డ్. ఇఫ్ యు కెనాట్ సెండ్ దెమ్ బై దట్ డేట్, ప్లీజ్ లెట్ మి నో బై 16 మార్చ్.’

ఇందులో మీకు తెలియని మాట ఒక్కటైనా ఉందా? అన్నీ హైస్కూల్లో చదువుకున్న మాటలే. సబ్జెక్ట్ లైన్ చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. డెలివరీ నోట్ జతచేశారు కాబట్టి వాళ్లు ఫోన్ చేసి వాదించే పనిలేదు. చివరి వాక్యాన్ని ప్రత్యేకంగా గమనించండి. వాళ్లు పంపలేకపోతే ఆ సంగతి మీకు 20న కాకుండా 16నే తెలుస్తుంది, వేరే ఏర్పాటు చేసుకోవడానికి నాలుగు రోజులు మిగులుతాయి.

‘అలా నేరుగా పంపమంటే అమర్యాద కాదా మేడమ్?’ అని మీరు అనుకుంటారని నాకు తెలుసు, చాలామంది అడుగుతారు. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. పంపు, పంపండి, పంపగలరు అని చివర మారుస్తాం, పేరు పక్కన గారు చేరుస్తాం. ఇంగ్లీషు క్రియకు ఆ సదుపాయం లేదు. ఆ లోటు తీర్చడానికి మనవాళ్లు ‘కైండ్’, ‘కైండ్లీ’, ‘రెస్పెక్టెడ్’, ‘ఎస్టీమ్డ్’ అని గుప్పించేస్తారు. అంత అవసరం లేదు. ఒక ‘ప్లీజ్’ చాలు. ఇంకాస్త మెత్తగా ఉండాలంటే ‘కుడ్ యు ప్లీజ్’. ‘యు ఆర్ రిక్వెస్టెడ్ టు’ అనేది మనకు వినయంగా వినిపిస్తుంది గానీ, చదివేవాళ్లకు నోటీసుబోర్డు మీది ఆజ్ఞలా ఉంటుంది. ‘దయచేసి గమనించగలరు’ అనే మన వాక్యాన్ని ‘కైండ్లీ నోట్’ అని దించడం కూడా అంతే.

‘డియర్’ అని రాయడానికి సిగ్గుపడే వాళ్లను, ముఖ్యంగా ఆడపిల్లలను, చాలామందిని చూశాను. ఉత్తరంలో ‘డియర్’ అంటే ప్రేమా కాదు, చనువూ కాదు, మన ‘శ్రీ’ లాంటిది. నిస్సంకోచంగా రాయండి. బ్రిటిష్ పద్ధతిలో ఒక జత గుర్తుంచుకోవాలి. పేరు తెలియక ‘డియర్ సర్ ఆర్ మేడమ్’ అని మొదలుపెడితే చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, పేరుతో మొదలుపెడితే ‘యువర్స్ సిన్సియర్లీ’. అమెరికా వాళ్లకు ఈ తేడా లేదు, ‘సిన్సియర్లీ’తో సరిపెడతారు, ‘డియర్ మిస్టర్ ఫలానా’ తర్వాత కామా బదులు కోలన్ పెడతారు. ‘మిస్టర్’ తర్వాత ఇంటిపేరు రావాలన్నది ఇంగ్లీషు నియమం. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి ఇక్కడ తికమక తప్పదు. అవతలి మనిషి తన ఉత్తరంలో ఎలా సంతకం చేశారో చూసి అలాగే రాయండి. పేరు స్పెల్లింగు మాత్రం తప్పు పోకూడదు. వ్యాకరణం తప్పును క్షమించేవాళ్లు కూడా తమ పేరు తప్పు రాస్తే నొచ్చుకుంటారు.

పాత ఫైళ్లలోంచి ఏరుకునే అలవాటు గురించి. ఫైళ్లు చదవండి, మంచిదే. ఆఫీసులో ఏ విషయాలు నడుస్తాయో తెలుస్తుంది. కానీ వాక్యాలు తెచ్చుకోకండి. ‘డూ ది నీడ్‌ఫుల్’ ఒకప్పుడు ఇంగ్లండులోనూ వాడిన మాటే, అక్కడ అది పాతబడిపోయింది, మన దగ్గర మిగిలింది. ‘రివర్ట్’ అంటే పూర్వస్థితికి మళ్లడం అని చాలా దేశాల వాళ్లకు అర్థమవుతుంది, అక్కడ ‘రిప్లై’ అనండి. ‘రివర్ట్ బ్యాక్’లో ‘బ్యాక్’ ఎలాగూ అదనమే. ‘ప్రిపోన్’ మన దేశంలో బాగా వాడుకలో ఉన్న చక్కటి మాట, నిఘంటువుల్లోకీ ఎక్కింది, మన ఆఫీసుల మధ్య హాయిగా వాడుకోవచ్చు. విదేశీ కంపెనీకి రాసేటప్పుడు మాత్రం ‘మీటింగును మంగళవారం నుంచి సోమవారానికి మార్చాం’ అని విడమరిచి రాయండి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అని రాస్తే మీరు వాళ్లను నమ్మట్లేదేమో అనుకునే ప్రమాదముంది, ‘ఐ హావ్ ఎ క్వెశ్చన్’ అనండి. ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’ అక్కర్లేదు.

తేదీల సంగతి నా అనుభవంలోంచి చెప్తాను. నా మొదటి ఉద్యోగంలో అమెరికాలోని ఒక కస్టమరుకు ‘మా ఇంజినీరు 05/06న వస్తారు’ అని రాశాను. నా లెక్కలో అది జూన్ 5. వాళ్లు నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు, కాబట్టి మే 6 అని చదువుకున్నారు. ఆ రోజు మిషను ఆపేసి, పనివాళ్లను కూర్చోబెట్టి మావాడి కోసం ఎదురుచూశారు. ఆ సాయంత్రం వచ్చిన ఫోను నాకింకా గుర్తుంది, వాళ్లు కేకలేయలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పట్నుంచి నెలను అక్షరాల్లో రాయకుండా నేను ఏ తేదీ రాయలేదు. మీ ఉత్తరంలోని 12/03 కూడా అలాంటిదే, డిసెంబరు 3 అని చదివేవాళ్లుంటారు.

ఈమెయిల్‌కూ ఇవే సూత్రాలు. చిరునామాలు, రిఫరెన్స్ నంబర్లు తగ్గుతాయి, చివర ‘రిగార్డ్స్’ సరిపోతుంది. సీసీ అంటే కార్బన్ కాపీ. 1806లో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనే ఆయన ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న కార్బన్ పేపర్ ఇప్పుడు ఆఫీసుల్లో పెద్దగా కనిపించదు, పేరు మాత్రం మెయిల్లో మిగిలింది. పని చేయాల్సిన మనిషి ‘టు’లో, తెలిస్తే చాలనుకున్న వాళ్లు ‘సీసీ’లో. నలుగురిని ‘టు’లో పెడితే నలుగురూ మిగతా ముగ్గురు చేస్తారనుకుంటారు. ఫైలు ముందు జతచేసి, ఆ తర్వాత మెయిల్ రాసి, అవతలి వాళ్ల అడ్రసు అన్నిటికంటే చివర పెట్టండి. అప్పుడు సగం రాసిన మెయిల్ పొరపాటున వెళ్లిపోదు.

అన్నిటికంటే కష్టమైనది ‘కుదరదు’ అని రాయడం. మీకూ త్వరలోనే అవసరమవుతుంది. ఎవరో డబ్బు చెల్లించడానికి గడువు అడుగుతారు, ఇవ్వలేరు. మనవాళ్లు ‘యువర్ రిక్వెస్ట్ కుడ్ నాట్ బి కన్సిడర్డ్’ అని రాసేస్తారు. ఎవరు కుదరదన్నారో అందులో లేదు, ఎందుకో లేదు. చదివినవాడికి గోడను గుద్దుకున్నట్టుంటుంది. ‘వుయ్ ఆర్ సారీ, వుయ్ కెనాట్ ఎక్స్‌టెండ్ ది డ్యూ డేట్’ అని మనిషి మనిషికి చెప్పినట్టు చెప్పండి. ఒక వాక్యంలో కారణం చెప్పండి. ఆ తర్వాత మీరు చేయగలిగింది ఏదైనా ఉంటే, సగం ఇప్పుడు, సగం వచ్చే నెల అన్నట్టుగా, అది రాయండి. చేయగలిగింది ఏమీ లేకపోతే ఉన్నట్టు నటించకండి. పొరపాటు మీ ఆఫీసుదే అయినప్పుడు కూడా ‘ఇట్ వాజ్ నాట్ డన్’ వెనక దాక్కోకుండా ‘వుయ్ డిడ్ నాట్ సెండ్ ఇట్’ అని ఒప్పుకోండి. అయితే నష్టపరిహారం, కోర్టు దాకా వెళ్లే సంగతి ఏదైనా ఉంటే మాత్రం ఆ ఒప్పుకోలు మేనేజరు గారికి చూపించకుండా పంపవద్దు.

స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు మీకు ఇప్పుడు అవసరం లేదమ్మా. మాట్లాడటం వేరు, రాయడం వేరు, ఆ డబ్బు ఇంకెప్పుడైనా ఖర్చుపెట్టుకోవచ్చు. రోజూ ఫైల్లోంచి ఒక పాత ఉత్తరం తీసి, చీటీ మీద తెలుగు వాక్యం రాసి, చూడకుండా మళ్లీ మీ మాటల్లో రాయండి. రాశాక పైకి చదవండి. మీ ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టండి. ‘ఎ’, ‘ది’ ఎక్కడ పెట్టాలన్నది తెలుగులో లేని సంగతి కాబట్టి చాలాకాలం ఇబ్బంది పెడుతుంది, ప్రింటులో చదివిన మంచి వాక్యాలతో పోల్చుకుంటూ పోతే క్రమంగా పట్టుబడుతుంది. కంప్యూటరు చెప్పే దిద్దుబాట్లు, ఏఐ సాయం స్పెల్లింగుకీ వ్యాకరణానికీ తీసుకోండి. చీటీ మీది వాక్యం మాత్రం మీదే అయి ఉండాలి, ఆరు కుర్చీల సంగతి తెలిసింది మీకే గానీ దానికి కాదు. ఆఫీసు రహస్యాలు, కస్టమర్ల వివరాలు అనుమతి లేకుండా వాటిలో పెట్టకండి.

ఇక రేపు పొద్దున చేయాల్సింది. పైన రాసిన నమూనాను యథాతథంగా దించకుండా, మీ చీటీ చూసుకుని మీ మాటల్లో ఆ ఉత్తరం మళ్లీ రాయండి. ఎర్ర పెన్ను పడిన కాపీ కూడా పట్టుకెళ్లి, రెండూ మేనేజరు గారి ముందు పెట్టి ‘సార్, ఇప్పుడు సరిగ్గా ఉందా?’ అని అడగండి. ఆయన సంతకం పెట్టాక డైరీలో 16వ తేదీ దగ్గర ‘కుర్చీలు’ అని రాసుకోండి. ఆ పొద్దుటికి జవాబు రాకపోతే, రెండు లైన్ల రిమైండరు మీరే పంపాలి.