కడప జిల్లా కలివికోడి అనే పక్షి అంతరించిపోయిందా? దాన్ని కాపాడటానికి ఏం చేశారు?

అంతరించిందని ఇంకా తేల్చలేదు. తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దీన్ని కనుగొన్నాడు. 1900 తర్వాత మళ్లీ కనపడలేదు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు లంకమల కొండల పక్కన, రెడ్డిపల్లె దగ్గర దొరికింది. చుట్టుపక్కల పల్లెల్లో వాకబు చేయడమే అందుకు దారి చూపింది.

అసలు చిక్కు దాని నివాసంలో ఉంది. ఇది దట్టమైన అడవిలో బతకదు. పొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల, రెండూ కావాలి. తిరిగేది రాత్రిపూటే. అలాంటి నేల మనకు ఉత్తి బీడులా కనిపిస్తుంది. అందుకే పొదలు కొట్టేసి నిమ్మతోటలు వేశారు, కాలువలు తవ్వారు. మేకలు, గొర్రెలు మరీ ఎక్కువైతే పొదలు పోతాయి. మేపు పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుని ఖాళీ నేల పోతుంది. కాబట్టి కంచె వేసి వదిలేస్తే చాలదు, పచ్చదనం పేరుతో అక్కడ చెట్లు నాటితే ఇంకా నష్టం.

లంకమల్లేశ్వర అభయారణ్యం ఈ పక్షి కోసమే ఏర్పడింది. ఇసుక పరచి అడుగుజాడలు చూడటం, రాత్రి కెమెరాలు పెట్టడం, రికార్డు చేసిన కూత వినిపించడం వంటి పద్ధతుల్లో వెతికారు. నా దృష్టిలో అన్నిటికంటే గట్టి పని, దీని నివాసం మీదుగా వెళ్లాల్సిన తెలుగుగంగ కాలువ దారి మార్పించడం. అభయారణ్యం బయట మిగిలిన పొదల నేలకు మాత్రం అంత రక్షణ లేదు.